పాత జీపు: ట్రాన్స్‌ఫర్ కేసు హ్యాండ్ బ్రేకు బదులు వెనక చక్రాలకి బొలెరో కేబుల్ బ్రేకు (జీపు ఫోరంలో చర్చ, ప్రతి పోస్టు పైన రాసినవారి పేరు)

గోదారి జీపు

బండి మహీంద్రా సీజే 3బీ అండి, పెట్రోలు ఇంజను. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు. వెనక ఆక్సిల్ డానా 44, షాఫ్టు కొన టేపరుగా ఉండి కీ వేసి హబ్బు బిగించే రకం. హ్యాండ్ బ్రేకు పాత పద్ధతే: డాష్‌బోర్డు కింద లాగే పిడి, ముందు వెనక ఆక్సిళ్ళకి ఇంజను బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక చిన్న డ్రమ్ము. సీలు కారి బ్రేకు షూల మీది లైనర్లు నూనెలో నానిపోయాయి, పిడి ఎంత లాగినా పట్టదు.

ఆటోనగర్ స్క్రాపులో బొలెరో వెనక బ్రేకులు దొరికాయి. షూలతో సహా రెండు బ్యాక్ ప్లేట్లు, అంటే షూలు కూర్చునే రేకు పళ్ళేలు, రెండు 11 అంగుళాల డ్రమ్ములు, రెండు కేబుళ్ళు. సీట్ల మధ్య ఉండే లివరు మాత్రం తీసుకోలేదు, మన డాష్‌బోర్డు పిడినే ఆ కేబుళ్ళకి కలిపేద్దామని. అది నడుస్తుందా? ప్లేట్లు మన ఆక్సిల్‌కి నేరుగా కూర్చుంటాయా? బోరు అంటే నడిమి రంధ్రం, బోల్టులు చూసి చెప్పగలరు.

ఘాట్‌రోడ్డు

అన్నా, మార్చుడు తర్వాత. ముందుగాల పాతది ఎందుకు ఖరాబైందో చూడు. ఈ డానా 18 ట్రాన్స్‌ఫర్ కేసుల సీలు ఒక్కటి మారిస్తే మళ్ళ కారుతది. మూడు చోట్ల చూడాలె. ఒకటి, లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు మూసుకపోయిందా. మూసుకపోతే వేడెక్కినప్పుడు లోపల గాలి పెరిగి నూనెను సీలు మీదికి తోస్తది. రెండు, వెనక ఆక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టును బిగించే యోకు మీద సీలు కూసునే చోట గోటితో గీస్తే గాడి తగుల్తుందా. తగిల్తే కొత్త సీలు దండగ, యోకు మార్చాలె లేకుంటే స్లీవు ఎక్కించాలె. మూడు, దీన్ని ఎవ్వరూ పట్టించుకోరు: యోకు లోపలి స్ప్లయిన్ల, అంటే పొడుగు గాళ్ళ వెంబడి నూనె పాకి నట్టు కాడికెళ్ళి బయటికొస్తది. యోకు ఎక్కించేటప్పుడు స్ప్లయిన్లకు సీలెంటు పూసి, వాషరు కింద కూడా పూయాలె.

ఇవి సరిజేసి కొత్త లైనర్లు వేస్తే పాత బ్రేకు గట్టిగనే పడ్తది. దాని గుణం తెలుసుకుని వాడుకోవాలె అంతే. వెనక ఒక్క చక్రం జాకీ మీద లేపినవనుకో, రెండు చక్రాలను వేరువేరుగ తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంది కదా, లేసిన చక్రం తిరుగుతది, బండి జాకీ మీదికెళ్ళి దిగిపోతది. ప్రొపెల్లర్ షాఫ్టు ఇప్పితే బ్రేకే లేదు. నడుస్తున్నప్పుడు లాగితే జాయింటు క్రాసుల మీద దెబ్బ. గందుకే చక్రం కింద రాయి వేసుడు మన అలవాటైంది.

లేతు షెడ్డు

ఘాట్‌రోడ్డు అన్నది నిజం. మారుస్తానంటే మాత్రం ఆ పిడి ఆలోచన మానేయండి. ఎందుకో లెక్కలో చూపిస్తా.

లోడుతో బండి 1,500 కిలోలు అనుకుందాం. వాలు 18 శాతం, అంటే అడ్డంగా 100 మీటర్లకి 18 మీటర్ల ఎత్తు. పార్కింగ్ బ్రేకుకి పాత ఐరోపా నిబంధన ఆర్ 13 అడిగేది ఇదే. కార్ల కోసం తర్వాత వచ్చిన ఆర్ 13 హెచ్‌లో 20 శాతం, చేతి బలం 400 న్యూటన్లు దాటకూడదు. 18 శాతం మీద బండిని కిందికి లాగే బలం సుమారు 2,600 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 0.35 మీటరు. చక్రాల దగ్గర కావలసిన టార్కు, అంటే తిప్పే బలం, 910 న్యూటన్ మీటర్లు.

మీ క్రౌన్ నిష్పత్తి, అంటే చక్రం ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే చుట్లు, 5.38 అయితే, ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఆ చిన్న డ్రమ్ము ఆపాల్సింది 910ని 5.38తో భాగిస్తే వచ్చే 169 మాత్రమే. క్రౌన్ పినియన్ మీ చేతికి ఐదింతల సాయం చేస్తోందన్నమాట. చక్రాలకి మార్చగానే ఆ సాయం పోయింది. ఒక్కో చక్రం 455 న్యూటన్ మీటర్లు సొంతంగా పట్టాలి.

11 అంగుళాల డ్రమ్ము వ్యాసార్ధం 0.14 మీటరు, కాబట్టి డ్రమ్ము అంచున 3,250 న్యూటన్ల రాపిడి కావాలి. డ్రమ్ము తిరుగుడే ఇంకా అదిమే లీడింగ్ షూ ఒకటి, వదులు చేసే ట్రెయిలింగ్ షూ ఒకటి ఉన్న బ్రేకులో షూ కొనని తోసే బలానికి రాపిడి సుమారు రెట్టింపు వస్తుంది, లైనర్లు పొడిగా ఉంటేనే సుమా. షూ కొన దగ్గర 1,625. డ్రమ్ము లోపలి లివరు ఐదింతలు చేస్తే కేబులులో 325. రెండు కేబుళ్ళకి 650. కేబులు రాపిడిలో ఐదో వంతు పోతుందనుకుంటే 810.

మీ డాష్‌బోర్డు పిడి కేబుల్ని ఉన్నదున్నట్టు లాగుతుంది, మధ్యలో లివరు లేదు. 810 న్యూటన్లంటే 82 కిలోల లాగుడు. కూర్చుని ఒంటిచేత్తో ఎవరూ లాగలేరు. ఏడింతల లివరుంటే 116 న్యూటన్లు, పన్నెండు కిలోలు. తేడా అదీ. లైనర్లు అరిగినా, తడిసినా పట్టడానికి మిగులు కూడా ఉంటుంది.

ఇంకో వైపు చూడండి. చేతి దగ్గర 150 మిల్లీమీటర్ల కదలిక కేబులు దగ్గర 21 అవుతుంది, షూల దగ్గర 4. ఈ మొత్తం గొలుసుని బండి చేసినవాళ్ళు కలిపి లెక్కేశారు. లివరు, లాగుడుని రెండు కేబుళ్ళకి సమంగా పంచే ఈక్వలైజరు, కేబుళ్ళు, డ్రమ్ము లోపలి లివర్లు, అన్నీ ఒకే బండివి కావాలి. వెళ్ళి ఆ లివరు, దాని కింద రాడ్డు, ఈక్వలైజరు కూడా తెచ్చుకోండి. అదే స్క్రాపు బండిది దొరికితే మరీ మంచిది.

గోదారి జీపు

లెక్క అర్థమైందండి. లివరు అక్కడే ఉందట, తెప్పిస్తాను. మరి ప్లేట్ల సంగతి?

బ్యాక్‌ప్లేట్ బాబాయ్

నేరుగా కూర్చుంటాయని ఎవరు చెప్పినా నమ్మకయ్యా. పాత జీపుల ఆక్సిళ్ళు చేతులు మారి మారి వచ్చినవి, ఒకే ఏడాది బళ్ళలో కూడా తేడాలుంటాయి. విప్పి కొలవడమే.

హబ్బు తియ్యడానికి టేపరు పుల్లరు కావాలి. సుత్తితో కొడితే షాఫ్టు మధ్యలో ఉండే స్పేసరు మీదా, బేరింగ్ మీదా దెబ్బ పడుతుంది. కాటర్ పిన్ను తీసి, నట్టు పూర్తిగా తియ్యకుండా రెండు మూడు మరలు వదులు చేసి అలాగే ఉంచు. పుల్లరు బిగించేటప్పుడు హబ్బు ఒక్కసారి ఎగిరొస్తుంది, నట్టే ఆపుతుంది.

ప్లేటు విప్పే ముందు ఒక సంగతి. ఈ ఆక్సిల్లో ఆక్సిల్ ఫ్లాంజికీ బ్యాక్ ప్లేటుకీ మధ్య షిమ్ములు, అంటే సన్నటి రేకు బిళ్ళలు, ఉంటాయి. షాఫ్టు ముందుకీ వెనక్కీ ఎంత ఆడాలో ఆ షిమ్ములే నిర్ణయిస్తాయి. బేరింగ్ కప్పుని అదిమి పట్టేది బ్యాక్ ప్లేటే. ఏ వైపు షిమ్ములు ఆ వైపు దారంతో కట్టి, చీటీ రాసి పెట్టు. కొత్త ప్లేటు రేకు మందం పాతదానితో సరిపోయినా, కప్పు మీద ఆనే ముఖం వేరే ఎత్తులో ఉంటే ఆట మారిపోతుంది. బిగించాక డయల్ గేజితో మళ్ళీ చూసి షిమ్ములు సర్దాలి. ఇది వదిలేస్తే బేరింగ్ అరుస్తుంది, లేదా షాఫ్టు ఆడి సీలు కారి కొత్త లైనర్లు కూడా నూనెలో పడతాయి. అప్పుడు మారుస్తున్నదే దేనికి?

ఇక కొలతలు. ప్లేటు నడుమ బోరు. బోల్టు రంధ్రాలెన్ని, ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం. ఫ్లాంజి ముఖం నుంచి డ్రమ్ము లోపలి ముఖం దాకా లోతు. ఈ లోతు తేడాగా ఉంటే షూ సగం లైనరే డ్రమ్ము మీద పడుతుంది, లేదా డ్రమ్ము అంచు ప్లేటుకి రాసుకుంటుంది. డ్రమ్ము హబ్బు మీద కూర్చునే బోరు చూడు, స్టడ్ల మీద మాత్రమే కూర్చున్న డ్రమ్ము నడిమికి రాదు, పెడలు కొట్టుకుంటుంది. చక్రం స్టడ్లు ఐదు, వాటి నడుముల మీదుగా గీసే పిచ్చు వృత్తం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు. పాత జీపుల్లో ఎడమ వైపు స్టడ్లు ఎడమ మరవి ఉంటాయి. వాటిని కుడి మరనుకుని తిప్పితే స్టడ్డు విరుగుతుంది.

బోరు చిన్నదైతే లేతు మీద పెంచొచ్చు. పెద్దదైతే రింగు చేసి నడిమికి తేవాలి. రంధ్రాల పిచ్చు రెండు మూడు మిల్లీమీటర్లే తేడా ఉంటే మాత్రం రంధ్రాల్ని సాగదియ్యొద్దు. బ్రేకు వేసినప్పుడు ఆ బోల్టుల మీదే మొత్తం టార్కు పడుతుంది. పాత రంధ్రాలు వెల్డు చేసి మూసి కొత్తవి వేయించడం కూడా నాకు ఇష్టం లేదు, రేకు వంగుతుంది. మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తే లోతు పెరుగుతుంది, షిమ్ముల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కడో ఒకచోట కుదరకపోతే ఆ ప్లేట్లు వదిలెయ్, పాత జీపు కుటుంబంలోనే 11 అంగుళాల ప్లేట్లు వెతుక్కో.

స్పీడ్‌బ్రేకర్

ఇంత తంటా ఎందుకు, బొలెరో వెనక ఆక్సిలే మొత్తం వేసేస్తే?

బ్యాక్‌ప్లేట్ బాబాయ్

డానా 18లో వెనక అవుట్‌పుట్ పక్కకి జరిగి ఉంటుంది. అందుకే పాత జీపు వెనక హౌసింగ్ గుండు, అంటే డిఫరెన్షియల్ ఉండే ఉబ్బు, కూడా కుడి పక్కకే ఉంటుంది. నడిమి గుండు ఆక్సిల్ తగిలిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు అడ్డంగా కోణం తీస్తుంది, అంత పొట్టి షాఫ్టుకి జాయింట్లు ఆగవు. పైగా ఆక్సిల్ వెడల్పు పెద్దది, చక్రాలు బాడీ బయటికొస్తాయి, స్ప్రింగు పీటలు కోసి మళ్ళీ వెల్డు చెయ్యాలి. ముందు క్రౌన్ నిష్పత్తితో వెనకది కలవకపోతే ఫోర్ వీల్ వేసిన రోజున ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. హ్యాండ్ బ్రేకు కోసం అంత పనా?

లేతు షెడ్డు

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, హ్యాండ్ బ్రేకు కంటే ముఖ్యం. ముందు 9 అంగుళాల డ్రమ్ములు అలాగే ఉంచి వెనక 11 పెడితే కాలి బ్రేకు సమతూకం పాడవుతుంది. పాత జీపుల్లో మామూలుగా షూలని తోసే వీల్ సిలిండర్ ముందు 1 అంగుళం, వెనక ముప్పావు అంగుళం. డ్రమ్ము 9 నుంచి 11కి పోతే వెనక పట్టు 22 శాతం పెరుగుతుంది. కొత్త ప్లేటు మీది సిలిండర్ 7/8 అంగుళం అనుకోండి, వైశాల్యం 36 శాతం ఎక్కువ. రెండూ కలిస్తే వెనక పట్టు 66 శాతం పెరిగినట్టు. తడి రోడ్డు మీద, ఖాళీ బండితో, దిగుడులో పెడలు నొక్కితే వెనక చక్రాలు ముందు బిగుసుకుంటాయి. పొట్టి వీల్‌బేసు, బండి అడ్డం తిరుగుతుంది.

దారులు రెండు. ముందు కూడా 11 చేయడం సరైనది. లేదా కొత్త ప్లేటుకి కూర్చునే ముప్పావు అంగుళం సిలిండర్ వెతకడం. దాంతో 22 శాతమే మిగులుతుంది, అది కూడా పరీక్షించి చూడాల్సిందే. సిలిండర్ పెద్దదైతే పెడలు నొక్కే మాస్టర్ సిలిండర్ ఎక్కువ బ్రేకు నూనె తోయాలి, పెడలు కిందికి దిగుతుంది. గాలి ఉందని బ్లీడింగ్ చేస్తూ కూర్చుంటారు. గాలి కాదు అది.

పైపుల దగ్గర కూడా జాగ్రత్త. పాత జీపు బ్రేకు పైపు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. కొత్త బళ్ళ సిలిండర్లలో ఎం10 × 1 మర సాధారణం. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లు. ఆ నట్టు ఎం10 రంధ్రంలోకి వదులుగా పోతుంది, బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా పెడలు తొక్కిన రోజు ఊడుతుంది. పైపు కోసి కొత్త నట్టు వేసి కొనని గరాటులా విప్పే ఫ్లేరు మళ్ళీ చెయ్యండి. కొత్త సిలిండరు ఏ రకం ఫ్లేరు అడుగుతుందో చూసి అదే.

డాలస్ సీజే

ఇక్కడ అమెరికాలో ఇదే మార్పు ఫ్యాక్టరీయే చేసింది. 1972 నుంచి సీజేల్లో ట్రాన్స్‌ఫర్ కేసు బ్రేకు పోయి వెనక డ్రమ్ములకి మారింది. కాలితో నొక్కే పెడలు, కేబుళ్ళు. తర్వాతి సీజేల 11 అంగుళాల డ్రమ్ములు పాత బళ్ళకి ఎక్కించడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న పనే, మామూలుగా నాలుగు చక్రాలకీ కలిపి మారుస్తారు. బాబాయ్ గారు చెప్పిన షిమ్ముల జాగ్రత్త ఇక్కడా మొదటిదే.

మీ ప్లేట్లలో షూలు ఏ రకమో చూడండి. కింద నిలకడ ఆధారం ఉంటే లీడింగ్, ట్రెయిలింగ్. కింద రెండు షూల మధ్య తేలే అడ్జస్టరు మాత్రమే ఉండి, పైన ఒక్క పిన్నుకే ఆనితే డ్యుయో సర్వో. ఈ రెండో రకంలో వెనక షూ లైనరు పొడుగ్గా ఉంటుంది, బండి ముందుకి జారేటప్పుడు ఉన్నంత పట్టు వెనక్కి జారేటప్పుడు ఉండదు. వాలు మీద రెండు దిక్కులా పరీక్షించండి.

ఎల్లో బోర్డు

అన్నలూ, మధ్యలో వస్తున్నా. పాత మారుతి 800కి కొత్త ఆల్టో లివరు పెట్టొచ్చా? ర్యాచెట్ పళ్ళు అరిగి జారుతోంది.

లేతు షెడ్డు

ముందు 800 లివరే కొత్తది కొనండి, పెద్ద ఖరీదు కాదు. వేరే లివరు పెడితే పొట్టి చెయ్యి పొడవు కొలిచి పోల్చండి. పిడి పొడవుని పివట్ నుంచి కేబులు దాకా ఉన్న దూరంతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది, అది పాతదానికి దగ్గరగా ఉండాలి. ఎక్కువైతే తేలిగ్గా లాగుతుంది గానీ కదలిక చాలదు, చివరి పన్నుకి వచ్చినా పట్టదు. పళ్ళు అరిగిన లివరుని వెల్డు చేసి నడపొద్దు.

గోదారి జీపు

లివరు, ఈక్వలైజరు వచ్చాయండి. ప్లేటు బోరు 2 మిల్లీమీటర్లు చిన్నది, బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయి. షూలు లీడింగ్ ట్రెయిలింగ్ రకం. ముందు చక్రాలకి కూడా 11 వేయాలని నిర్ణయించాను. ఇక కేబులు దారి చెప్పండి.

ఘాట్‌రోడ్డు

లివరును డ్రైవరు సీటుకు ఎడమ పక్క పెట్టు, ట్రాన్స్‌ఫర్ కేసు లివర్లు పూర్తిగా వెనకకు వచ్చినా తగలొద్దు. జీపు నేల రేకు పలుచన. లివరు మీద 400 న్యూటన్లు లాగితే కేబుల్ దిక్కు 2,800 పోతది, రేకు పైకి లేస్తది. కింద 3 మిల్లీమీటర్ల ప్లేటు, నాలుగు ఎం8 బోల్టులు, 8.8 గ్రేడు. కుదిరితే ప్లేటును చాసిస్ క్రాస్ మెంబరు దాకా తీస్కపో. సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉందేమో చూసినంకనే డ్రిల్లు పెట్టు.

కేబుళ్ళు స్ప్రింగు ముందు కన్ను దగ్గరికెళ్ళి తీస్కపోవాలె. ఆక్సిల్ పైకీ కిందికీ పోయేది ఆ కన్ను చుట్టే. అక్కడ క్లిప్పు పెడితే గుంతల్ల పడ్డా కేబుల్ లాగది. చాసిస్‌ను లేపి ఆక్సిల్‌ను వేలాడదీసి చూడు. అప్పుడు కూడా కేబులు వదులుగనే ఉండాలె. సైలెన్సరు పైపుకు దూరం, ప్రొపెల్లర్ షాఫ్టుకు కనీసం రెండు అంగుళాలు. వంపులు పెద్దగ తియ్యి, చిన్న వంపుల లోపలి తీగ రాసుకుంటది, వాన నీళ్ళు చేరి తుప్పు పడితే లాగినంక మళ్ళ వదలదు. మిగిలిన కేబులును చుట్ట చుట్టి కట్టెయ్యకు, పొడవు ఎక్కువుంటే ఈక్వలైజరునే ముందుకు జరుపు.

ఈక్వలైజరు అటు ఇటు ఒరగాలె. బిగించేస్తే ఒక్క చక్రమే పడ్తది.

బ్యాక్‌ప్లేట్ బాబాయ్

బిగించేటప్పుడు తప్పులు ఎక్కువగా జరిగేది డ్రమ్ము లోపలే. హ్యాండ్ బ్రేకు లివరు, రెండు షూల మధ్య అడ్డంగా ఉండే స్ట్రట్టు కుడి ఎడమలు వేరు. ఒక వైపు పూర్తిగా విప్పే ముందు రెండో వైపు ఫోటో తీసుకో. అడ్జస్టరు మరలు కూడా కుడి ఎడమలు వేరే. తారుమారైతే తనంతట తానే బిగాల్సింది తనంతట తానే వదులవుతుంది. బ్యాక్ ప్లేటు మీద షూలు ఆనే ఆరు చోట్ల వేడికి కరగని గ్రీజు పల్చగా రాయి, ఎక్కువైతే లైనరు మీదికి పాకుతుంది. పాత లైనర్ల పొడి గాలితో ఊదొద్దు, ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడువు.

సర్దే వరుస తప్పితే అంతా తప్పుతుంది. కేబులు పూర్తిగా వదులుగా ఉంచి, డ్రమ్ము లోపలి లివరు తన ఆపు మీద పూర్తిగా వెనక్కి కూర్చుందో లేదో చూడు. తర్వాత షూలు బిగించి, చక్రం తిరగనప్పుడు కొద్దిగా వదులు చెయ్. కాలి బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి షూలు నడిమికి రానీ. అప్పుడే కేబులు. లివరు ర్యాచెట్ మూడో పన్ను దగ్గర రాపిడి మొదలై, ఆరేడు పళ్ళకి రెండు చక్రాలూ చేత్తో తిప్పలేనంత బిగిస్తే సరిపోయింది. లివరు దించితే రెండూ చులాగ్గా తిరగాలి. చాలామంది షూల దగ్గరి వదులుని కేబులు బిగించి కప్పేస్తారు. అప్పుడు లోపలి లివరు ఆపు మీద కూర్చోదు, షూ రాసుకుంటూనే ఉంటుంది, అడ్జస్టరు పనిచెయ్యదు, పది కిలోమీటర్లకే డ్రమ్ము ముట్టుకోలేనంత కాలుతుంది.

స్పీడ్‌బ్రేకర్

కేబుళ్ళు లేకుండా బ్రేకు పైపులో లాక్ వాల్వు పెడితే? పెడలు తొక్కి వాల్వు మూసేస్తే చాలు కదా.

డాలస్ సీజే

పార్కింగుకి అది పనికిరాదు. వీల్ సిలిండర్ కప్పులు గంటల తరబడి ఒత్తిడిని పట్టవు, కొద్దిగా జారినా పట్టు పోతుంది. వేడిగా ఉన్న డ్రమ్ము చల్లారి కుదించుకుపోయినా, నూనె చల్లారినా ఒత్తిడి మారుతుంది. ఆర్ 13 వంటి నిబంధనలు కూడా పార్కింగ్ బ్రేకు పూర్తిగా యాంత్రికంగానే పట్టి ఉండాలంటాయి. పైగా ప్రధాన బ్రేకు పైపు పగిలిన రోజున వాడుకోవడానికేగా హ్యాండ్ బ్రేకు.

గోదారి జీపు

పాత ట్రాన్స్‌ఫర్ కేసు డ్రమ్ము తీసేయమంటారా?

బ్యాక్‌ప్లేట్ బాబాయ్

ఇప్పుడే వద్దు. వెనక క్యాపు కింద కూడా షిమ్ములున్నాయి, అవుట్‌పుట్ షాఫ్టు బేరింగ్ ఆట వాటితోనే. బ్రేకు ప్లేటు ఆ క్యాపుకే బిగించి ఉంటుంది. ప్లేటు తీస్తే అవే బోల్టులు మందం తగ్గి అడుగు తగులుతాయి, క్యాపు బిగిసిందనుకుంటావు, బిగవదు. తియ్యాల్సి వస్తే పొట్టి బోల్టులు వెయ్యి. సీలు సరిజేసి, షూలు మాత్రం తీసి డ్రమ్ము అలాగే ఉంచినా నష్టం లేదు.

రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడితే పని అయ్యాకే బండి చూపించు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఐదేళ్ళకోసారి తనిఖీ ఎలాగూ ఉంటుంది, హ్యాండ్ బ్రేకు అక్కడ చూస్తారు.

ఘాట్‌రోడ్డు

పరీక్షకు ఘాటు ఎక్కకు అన్నా. ఏ ఫ్లైఓవరు ర్యాంపు లాంటిదో ఖాళీగ ఉన్నది చూడు. ముందు ఖాళీ బండి, తర్వాత లోడు. ముందుమొగం, వెనకమొగం, రెండు దిక్కులా ఐదేసి నిమిషాలు న్యూట్రల్ల ఉంచు. చక్రం కాడ రాయి పట్టుకొని ఒకలు నిలబడాలె. 300 కిలోమీటర్లు తిరిగినంక కేబుల్ సాగుతది, మళ్ళ ఒక్కసారి సర్దు. కేబుల్ కాదు, షూల కాడి నుంచి.